శుక్రవారం కడగని గోలెం

జూన్ పదో తారీకు, ఆదివారం. ఆ రోజు ఇంట్లో ఆవపెట్టిన కంద బచ్చలి కూర, మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. చివర్లో, చంద్రమౌళి స్వయంగా చీపురుపల్లి స్టేషను దాకా నడిచి వెళ్ళి తెచ్చిన తాటిముంజలు. విశాఖపట్నం నుంచి వచ్చిన కూతురు హైమ ముంజలు ఒలిచి, ఒకటి తన నోట్లో, ఒకటి చిన్నాన్న కూతురు రాధిక నోట్లో వేస్తూ తను పనిచేస్తున్న దోమలమందు సంగతి చెప్పింది. మధ్యలో చంద్రమౌళి ఒక్క మాటన్నాడు. ఆ మాటకి అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది.

మూడు నెలల తర్వాత, ఇప్పుడు పెరట్లో నిలబడి ఉండగా ఆయనకి ఆ నవ్వు గుర్తొచ్చింది.

"తప్పుకోండి బావగారూ, పంచె తడిసిపోతాది."

తమ్ముడి భార్య యమున పెద్ద నీళ్ళ గోలెంలోంచి బక్కెట్టుతో నీళ్ళు తోడి పెరట్లోకి విసిరికొడుతోంది. తోడుతోందనడం కంటే దెబ్బలాడుతోందనడం నయం. నాలుగు రోజులుగా విజయనగరం ఆసుపత్రిలో కూతురు రాధిక మంచం పక్కన కూర్చున్న మనిషి. మధ్యాహ్నం బస్సులో బట్టల కోసం ఇంటికొచ్చి, బట్టల జోలికి పోకుండా కుచ్చెళ్ళు బొడ్లో దోపి గోలెం మీద పడింది.

"నేను తోడతానమ్మా. నువ్వు కాస్త ఎంగిలి పడు."

"ఏటి తింటాను? పిల్ల మూడు చెంచాల కొబ్బరినీళ్ళు మింగి కక్కీసింది."

మళ్ళీ ఒక బక్కెట్టు. మందారచెట్టు మొదట్లో నీళ్ళు మడుగు కట్టాయి.

"ఈవేళ శుక్రవారం," అంది యమున ఆయాసపడుతూ. "అక్క ఉన్న రోజుల్లో ఈపాటికి గోలెం కొబ్బరిపీచుతో రుద్ది, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి కొత్తనీళ్ళు పట్టేవాళ్ళం. అక్క పోయినా నేను మానలేదు. మూడు నెలలయింది దీని మొహాన బొట్టు పెట్టి. మందు కొట్టుకుపోతాదని మీ అమ్మాయి మానిపించింది."

అక్క అంటే పోయిన తోడికోడలు, చంద్రమౌళి భార్య పార్వతీదేవి. యమున ఆఖరి మాటలో ఒక తప్పుంది. ఆ తప్పు ఏమిటో చంద్రమౌళికి మాత్రమే తెలుసు. దాన్ని దిద్దకుండా ఆయన పంచె ఎగగట్టి పక్కకి జరిగాడు.

యమున ఆఖరి నీళ్ళు చెంబుతో తోడి ఎండలోకి పట్టుకుంది. చెంబు నిండా సన్నటి పురుగులు, తోకలాడిస్తూ కిందికీ పైకీ. గోలెం అంచుకి దారంతో కట్టిన పల్చటి గుడ్డసంచి, దాంట్లో నాని మెత్తబడిన రెండు బిళ్ళలు.

"చూడండి. మీ అమ్మాయి మందు తాగి ఎంత బలిసేయో."

*

పొద్దున్న పదింటికి హైమ పనిచేసే పరిశోధన కేంద్రం మనుషులు ఇద్దరు జీపులో వచ్చి వీధి మొదట్లో నిలబడి చెప్పిపోయారు. ఊళ్ళో పన్నెండు వీధులకి బిళ్ళలిచ్చారు. ఆరు వీధులకి మందున్న బిళ్ళలు. ఆరు వీధులకి మందులేని ఉత్తి బిళ్ళలు. తేడా తెలియాలంటే అలాగే చెయ్యాలి. ఎవరికి ఏవో రాసిన జాబితా ఇన్నాళ్ళూ సీలువేసి ఉంచారు. డెంగీ కేసులు పెరిగాయని నిన్న సీలు విప్పారు. ఈ వీధిది ఉత్తి బిళ్ళ. ఇక నుంచి అన్ని వీధులకీ మందు బిళ్ళలే ఇస్తాం, క్షమించండి అని చేతులు జోడించి వెళ్ళిపోయారు.

ఈ ఒక్క వీధిలో డెంగీ వచ్చినవాళ్ళు ఏడుగురు. అందులో ఆఖరిది, అందరికంటే చిన్నది, తొమ్మిదేళ్ళ రాధిక.

మందు సంగతి హైమ ఆ ఆదివారం తండ్రికి అర్థమయ్యేలా కొట్టు భాషలోనే చెప్పింది.

"నువ్వు కొట్లో కూర్చుని, రెండు బస్తాల కందిపప్పు పంపమని గోదాముకి చీటీ రాస్తావు కదా నాన్నా. చీటీ చేరితేనే సరుకొస్తుంది. ప్రతి ప్రాణి ఒంట్లోనూ అలాంటి చీటీలు తిరుగుతుంటాయి. మేం వాటిని ఆర్‌ఎన్‌ఏ అంటాం. దోమపిల్ల పెరగడానికి ఒక ముఖ్యమైన చీటీ ఉంది. దానికి సరిగ్గా అతుక్కునే జోడీ మేం తయారుచేసి లోపలికి పంపుతాం. రెండూ అతుక్కుంటే, ఇదేదో దొంగ చీటీ అని దాని ఒళ్ళే దాన్ని చింపేస్తుంది. సరుకు రాదు. ఆ పిల్ల దోమగా మారదు. దోమే లేకపోతే డెంగీ ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరికి దేని మీద ఎక్కి వెళుతుంది?"

రొట్టె పొంగడానికి వేసే ఈస్టులో ఆ జోడీ చీటీని పండించి, ఆ ఈస్టుని చంపి, ఎండబెట్టి బిళ్ళలు చేశారు. ఈస్టంటే దోమపిల్లలకి ఇష్టం. మనుషులకి ఏ హానీ లేదు.

విజయనగరంలో బీఎస్సీ జంతుశాస్త్రం చదివి, తండ్రి పోతే కిరాణా కొట్లో కూర్చున్న చంద్రమౌళికి, తను వదిలేసిన పుస్తకం కూతురు తెరిచి చదివి వినిపించినట్టయింది ఆ రోజు. హైమ తెచ్చిన కరపత్రం పట్టుకుని వీధంతా తనే తిరిగాడు. కరపత్రంలో అంకెలు వేసి రాసిన వాటిలో ఐదో మాట, కొన్ని వీధులకి ఉత్తి బిళ్ళలు వస్తాయని. భోజనాల దగ్గర అది చదివినప్పుడే ఆయన ఆ మాటన్నాడు.

"ఇంటి పిల్ల సొంత వీధికి ఉత్తి బిళ్ళ ఇస్తుందేమిటి?"

అందరూ నవ్వారు. హైమ నవ్వింది గానీ కాదనలేదు. ఆ తర్వాత వీధిలో ఏ గుమ్మం దగ్గర ఐదో మాట చదివినా ఆయన ఆ మాటే అన్నాడు. ప్రతి గుమ్మంలోనూ నవ్వి ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశారు.

*

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి తమ్ముడు మోహనకృష్ణ.

"అన్నయ్యా, ప్లేట్‌లెట్లు పొద్దున ముప్ఫై నాలుగు వేలు. ఇప్పుడు ఇరవై ఎనిమిది. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ చూస్తారట. ఇంకా దిగితే విశాఖపట్నం తీసుకెళ్ళిపోమంతన్నారు."

"పిల్ల ఏమంటోంది?"

"పెదనాన్నని ఎవరు లేపేరని అడిగింది."

రాధిక రోజూ పొద్దున్న ఆరింటికి మధ్యతలుపు దాటి పరిగెత్తుకొచ్చి చంద్రమౌళి దుప్పటి లాగేది. ముందుగది, వీధి అరుగు ఆయనవి. వెనక భాగం తమ్ముడి కాపురం. మధ్యన ఒక తలుపు. యమున ఈ ఇంటికొచ్చిన పన్నెండేళ్ళలో ఆ తలుపు మూసిన రోజు లేదు. రెక్క వెనకాల యమున చీపురు పెడుతుంది. గడియ తుప్పుపట్టి ఉంటుంది.

యమున తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఫోను అందుకుంది. మొగుడితో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

"బావగారూ, ఒక మాట. రేపు పొద్దున్న వీధంతా కలిసి కలెక్టరుగారికి అర్జీ ఇస్తన్నారు. మందు పేరు సెప్పి మోసం చేసేరని. మన వీధి జోగయ్యగారు రాస్తన్నారు. తీసుకొచ్చింది మీరు కాబట్టి మొదటి సంతకం మీరే పెట్టాలంట."

"హైమ పేరు రాస్తున్నారా?"

"మరి నా పేరు రాస్తారా?"

చంద్రమౌళి కుర్చీలో కూర్చున్నాడు. యమున లోపలికెళ్ళి, ఐదు నిమిషాల్లో టీ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఒక గుటక తాగాడు. చక్కెర వెయ్యలేదు. ఆయనకి చక్కెర పడదని ఇంత కోపంలోనూ ఆమెకి గుర్తుంది. ఆ చప్పటి టీ తాగుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

*

నాలుగున్నరకి హైమ వచ్చింది. భుజానికి సంచి, చేతిలో అట్టపెట్టె. పెట్టె మీద రెండు మూడుసార్లు చెయ్యి మార్చుకుని, చెప్పులు విడిచి, ఎవరూ రమ్మనకపోయినా లోపలికొచ్చి నిలబడింది.

"పిన్నీ, రాధికకి ఎలా ఉంది?"

యమున బట్టలు మడతపెడుతోంది. రాధిక గౌను ఒకటి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"పెట్టెలో ఏటి?"

"కొత్త బిళ్ళలు. ఇవి..."

"ఇవి నిజం బిళ్ళలా?"

హైమ పెట్టె కింద పెట్టింది.

"నాకు సదువు లేదు. ఇంటర్ తప్పేను. అయినా తెలీక అడుగుతన్నాను. ఆ ఉత్తి బిళ్ళలో ఏటుంది?"

"ఈస్టే పిన్నీ. లోపల చీటీ కూడా ఉంటుంది. కాకపోతే అది దోమకి సంబంధం లేని చీటీ."

"అంటే ఆ పురుగులకి తిండి."

హైమ తల దించుకుంది.

"సెప్పు హైమా. తిండా కాదా?"

"తిండే."

"అంటే నా ఇంట్లో, నా చేతుల్తో, నా పిల్లని కుట్టే దోమల్ని మేపేను." యమున గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "నువ్వు సుట్టాల పిల్లవి కూడా కావు. ఈ ఇంటి పిల్లవి. అక్క పోయిన ఏడు నీ తలకి నూనె రాసి జడేసిన దాన్ని. ఒక్క ఫోను సెయ్యలేకపోయేవా? పిన్నీ, మీ వీధిది ఉత్తిదే, జాగ్రత్త అని?"

"నాకు తెలీదు పిన్నీ. ఒట్టు. జాబితా మాకెవరికీ ఇవ్వరు. ఇస్తే మేమే తెలిసో తెలియకో మొగ్గు చూపిస్తాం. అందుకే..."

"ఆపు."

"నిజంగా తెలీదు. అనుమానం వచ్చింది, అంతే. అందుకే కదా నెట్ పంపించాను, రాధిక పగలు పడుకున్నా మంచానికి కట్టమని..."

"ఏ నెట్?"

హైమ తండ్రి వైపు చూసింది. చంద్రమౌళి అటక వైపు చూశాడు. చూడకూడదనుకున్నాడు గానీ కళ్ళు వినలేదు. యమున ఆ చూపు వెంటే వెళ్ళింది. స్టూలు లాగి, ఎక్కి, పాత ఇత్తడి గంగాళం వెనక చెయ్యిపెట్టి, గోనెపట్టా చుట్టిన ఒక పార్శిలు లాగింది. దారం కూడా విప్పలేదు. బస్సు పార్శిలు చీటీ ఇంకా అంటుకునే ఉంది. జూలై పద్నాలుగు.

యమున స్టూలు మీదే నిలబడి ఆ తారీకు రెండుసార్లు చదివింది.

"ఇదేటి బావగారూ?"

"యమునా..."

"ఇదేటి అని అడుగుతన్నాను."

"వీధంతా తిరిగి నా కూతురి మందు అని చెప్పాను. నా ఇంట్లోనే దోమతెర కడితే నలుగురూ ఏమనుకుంటారు? మందు మీద ఈయనకే నమ్మకం లేదనుకోరా? అందుకని..."

యమున స్టూలు దిగింది. ఆమె ఆయన వైపు చూడలేదు. హైమ వైపు తిరిగింది.

"జూలైలో తెర పంపేవంటే, జూలైకే నీకు తెలుసు."

"అనుమానం..."

"అనుమానం వస్తే తెర పంపుతారు. తెలిస్తే ఏటి పంపుతారు?"

హైమ కాలితో అట్టపెట్టెని గోడవైపు జరిపింది.

"ఒకరు తెలిసి సెప్పలేదు. ఒకరు పంపింది దాచేరు." యమున పార్శిలు గుండెలకి అదుముకుంది. "తండ్రీకూతుళ్ళు బాగున్నారు. మధ్యన నా పిల్ల."

"పిన్నీ, ఆసుపత్రిలో కూడా రాధికకి తెర ఉండాలి. జ్వరం ఉన్నన్నాళ్ళూ తనని కుట్టిన దోమ ఇంకొకర్ని కుడితే..."

"నా పిల్ల మంచం దగ్గరికి నువ్వు రావద్దు."

అంటూనే యమున పళ్ళతో దారం కొరికింది. తెర తీసి, దులిపి, రాధిక గౌన్ల మీద మడతపెట్టి సంచిలో సర్దింది. మాట వినకపోయినా పని విన్నది. చంద్రమౌళి అది చూశాడు.

*

ఐదున్నరకి ఎదురింటి గున్నమ్మ వచ్చింది. ఒక చేతిలో బొప్పాయి ఆకులు, ఇంకో చేతిలో మడతపెట్టిన తెల్లకాగితం. ఆమె కోడలు దానమ్మకి కూడా ఇదే జ్వరం వచ్చి తగ్గింది. మనిషి ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది.

"ఈ ఆకు రసం తీసి పట్టుకెళ్ళవే యమునా, కణాలు పెరుగుతాయంతన్నారు. డాక్టరుకి సెప్పకు, తిడతాడు." కాగితం చంద్రమౌళి చేతికిచ్చింది. "జోగయ్య రాసీసేడు బాబూ. నువ్వు సంతకం సేత్తే మిగతావోళ్ళు సేత్తారు. నాకు సదువురాదు, ఏటి రాసేడో ఓపాలి సదువు."

చంద్రమౌళి అద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. "మా వీధి ఆడపడుచు హైమ దోమలమందు అని చెప్పి మాకు ఉత్తి పిండిబిళ్ళలు ఇచ్చి, నీళ్ళ గోలేలు కడగవద్దని ఆంక్ష పెట్టి, మా పిల్లల ప్రాణాల మీదికి తెచ్చినది..."

"కడగవద్దని?" హైమ చటుక్కున తలెత్తింది. "ఎవరు చెప్పారు కడగవద్దని?"

"మరి కడగొద్దన్నారు గదమ్మా," అంది గున్నమ్మ. "శుక్రోరం పూట గోలెం కడగనందుకు మా అత్త ఉంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. కడిగితే మందు పోతాది, పాప కష్టం నీళ్ళపాలయిపోతాదని మీ నాయిన సెప్పేడు. వీధి వీధంతా మానీసినాం. నీ మీద పేనంతో మానీసినామే తల్లీ."

హైమ సంచిలోంచి కరపత్రం తీసింది. వేలు పెట్టి చదివింది. "ఆరో మాట. గోలేలు మీ ఆనవాయితీ ప్రకారం వారానికోసారి కడుగుతూనే ఉండాలి. కడిగేముందు బిళ్ళల సంచి తీసి పక్కన పెట్టి, కొత్తనీళ్ళు పట్టాక మళ్ళీ వెయ్యాలి." ఆమె కరపత్రాన్ని తండ్రి వైపు తిప్పింది. "ఈ వాక్యం రాసింది నేనే నాన్నా. ఇక్కడ శుక్రవారం కడగడం చూసే రాశాను. అమ్మ చెయ్యడం చూసి రాశాను. ఉత్తి బిళ్ళ వచ్చిన వీధిలో కూడా కడగడం సాగుతుంది, ఎప్పుడూ ఉన్నంత కంటే దోమలు పెరగవు అని ధైర్యంగా ఉన్నాను. ఆరో మాట చదవలేదా?"

యమున సంచి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"చదివాను," అన్నాడు చంద్రమౌళి. "నాలో నేను చదువుకున్నాను. పైకి చదవలేదు. ఆడవాళ్ళు హడావిడిలో సంచి తియ్యడం మరిచిపోతారు, నీళ్ళతోపాటు పారబోస్తారు, నీ పని పాడవుతుంది అనుకున్నాను. మూడు నెలలు కడగకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. నువ్వు గెలవాలనుకున్నాను."

గున్నమ్మ ఒకసారి ఆయన్ని, ఒకసారి హైమని చూసింది. బొప్పాయి ఆకులు మెల్లగా బల్ల మీద పెట్టింది.

"కాయితం ఉంచుకో బాబూ. పొద్దుటే జోగయ్య వస్తాడు." గుమ్మం దగ్గర ఆగింది. "నాను జోగయ్యకి ఏటీ సెప్పన్లే. నువ్వే సెప్పుకో."

ఆమె తిట్టి ఉంటే చంద్రమౌళి తట్టుకునేవాడు.

*

చీకటి పడేలోగా హైమ కొంగు బిగించి వీధిలోకి వెళ్ళింది. ఇల్లిల్లూ తిరిగి గోలేలు ఒంపింది. కొందరు ఒంపనిచ్చారు. కొందరు ఆమెని చూసి తలుపు దగ్గరికేసి, వాళ్ళే ఒంపుకున్నారు. ఒకింట్లో ఎవరో "ఇప్పుడొచ్చింది డాక్టరమ్మ" అని వినేలా అన్నారు. చంద్రమౌళి అరుగు మీద కూర్చుని వీధి పొడుగునా నీళ్ళు పారబోసిన చప్పుడు వింటున్నాడు. మూడు నెలల నీళ్ళు కాలవలో కలుస్తున్నాయి.

ఆమె తిరిగొచ్చి ఆయన పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత దూరం వదిలి కూర్చుంది. అరచేతులు పాచిపట్టి పచ్చగా ఉన్నాయి.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

"జూలై మొదటివారం. అన్ని వీధుల నీళ్ళూ పరీక్షకి నా దగ్గరికే వస్తాయి. కొన్ని పళ్ళేల్లో పురుగులు చచ్చిపోయాయి. మన వీధి పళ్ళెంలో ఆరోగ్యంగా ఉన్నాయి. జాబితా అక్కర్లేకుండానే అర్థమైంది."

"వారం రోజులు ఆలోచించి తెర పంపావు."

"అవును."

"తెర పంపావు గానీ మాట పంపలేదు."

"నీకు చెబితే నువ్వు వీధికి చెబుతావు నాన్నా. చెప్పకుండా ఉండలేవు. నాకు తెలుసు. వీధికి తెలిస్తే బిళ్ళలు పారేస్తారు. మొత్తం పనంతా పోతుంది."

"నిజమే. చెప్పేవాణ్ణి," అన్నాడు చంద్రమౌళి. "నేను వీధికి మాటిచ్చాను మరి. ఐదో మాట చదివి నేను నవ్వినప్పుడు నువ్వు ఒక్కసారి, కాదు నాన్నా, మనకీ రావచ్చు అంటే సరిపోయేది. నవ్వి ఊరుకున్నావు. నీ నవ్వు చూసి వీధంతా వేలిముద్రలు వేసింది."

"నువ్వంత సంతోషంగా ఎప్పుడూ లేవు అమ్మ పోయాక," అంది హైమ. "అప్పుడు కాదనబుద్ధి కాలేదు."

అది ప్రేమే. ఆయనకి తెలుసు. తను ఆరో మాట మింగేసింది కూడా ప్రేమతోనే. ఇద్దరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు నోరు మూసుకుంటే, ఫలితం అక్కడ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒంట్లో లెక్కకి వస్తోంది.

ఆయన అర్జీ కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "కడగవద్దని ఆంక్ష పెట్టి" అన్న చోట ఒక అడ్డగీత గీశాడు. కింద గుండ్రటి అక్షరాలతో రాశాడు. "గోలేలు కడగవద్దని చెప్పినది నేను. కరపత్రంలో కడగమనే ఉన్నది. నేను దాచితిని. నా కూతురు పంపిన దోమతెర ఇంట్లో కట్టకుండా అటకమీద పెట్టినది కూడా నేనే." సంతకం పెట్టాడు. తారీకు వేశాడు.

ఆ కింద రెండు వరసలు ఖాళీ వదిలి, పెన్ను కూతురి వైపు చాపాడు.

హైమ అందుకోలేదు.

"ఏం రాయమంటావు?"

"జూలైలో నీకు తెలిసిన సంగతి."

"అది రాస్తే నేను నియమం తప్పినట్టు. ముందే కనిపెట్టి, ఒకింటికి తెర పంపి, మిగతావాళ్ళకి చెప్పనట్టు. లెక్క మొత్తం కొట్టేస్తారు. మందు వేసిన ఆరు వీధుల్లో ఒక్క డెంగీ కేసు లేదు నాన్నా. ఒక్కటి కూడా. అది నిజం. నేనిది రాస్తే ఆ నిజం కూడా అబద్ధం కింద జమవుతుంది. ఇంకెప్పుడూ ఏ ఊళ్ళోనూ ఇది వెయ్యనివ్వరు."

"రాయకపోతే?"

హైమ పచ్చటి అరచేతుల్ని చూసుకుంది.

"ఒకింటికి తెర పంపావన్నావు," అన్నాడు చంద్రమౌళి నెమ్మదిగా. "ఎదురింటి దానమ్మకి పంపలేదు."

ఆమె వేళ్ళు ముడుచుకున్నాయి. ఆయన పెన్ను అరుగు మీద, ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీలో పెట్టాడు.

*

ఎనిమిది దాటాక మోహనకృష్ణ ఫోను చేశాడు. లోపల యమున ఎత్తింది. "ఇరవై ఎనిమిదే. దిగలేదు, పెరగలేదు," అని ఆమె తనలో తను అనుకున్నట్టు పైకి అన్న మాట ముందుగదిలోకి వినిపించింది. ఆసుపత్రిలో రాత్రి ఒక్కరినే ఉండనిస్తారు. తెల్లారి మొదటి బస్సుకి ఆమె వెళ్ళాలి.

కాసేపటికి యమున మధ్యతలుపు దగ్గరికి వచ్చింది. చేతుల్లో రెండు కంచాలు, మీద రెండు మూతలు. గడప ఇవతల, ముందుగది వైపు పెట్టింది. రెండు. చంద్రమౌళి ఆ రెండో కంచం వైపు చాలాసేపు చూశాడు.

"యమునా, ఇది చదువు." ఆయన కాగితం అందించాడు.

ఆమె దీపం కిందికి జరిగి చదివింది. ఇంటర్ తప్పిన మనిషి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఏ మాటా మింగకుండా చదివింది. ఆయన సంతకం దగ్గర వేలు ఆగింది. తర్వాత ఖాళీ వదిలిన రెండు వరసల మీదకి జరిగింది. అక్కడ ఇంకా ఎక్కువసేపు ఆగింది.

తలెత్తి గోడకి ఆనుకుని నిలబడ్డ హైమని చూసింది. హైమ కళ్ళు దించుకుంది.

యమున కాగితాన్ని మళ్ళీ మొదటి మడతల్లోనే మడిచింది. అరుగు మీదికి వెళ్ళి పెన్ను తెచ్చింది. కాగితం రెండో కంచం పక్కన, గడప ఇవతలే పెట్టి, ఎగిరిపోకుండా పెన్ను దాని మీద పెట్టింది.

ఆమె గడప దాటి లోపలికి వెళ్ళింది. తలుపు రెక్క వెనకాల చీపురు తీసి పక్కన ఆనించింది.

రాధిక పురిటి బిడ్డగా ఉన్నప్పుడు నిద్ర చెడకుండా పడకగది తలుపు ఎలా వెయ్యాలో అక్క పార్వతీదేవి ఆమెకి నేర్పింది. ఒక చెయ్యి రెక్క కింద, ఒక చెయ్యి గడియ మీద, ఊపిరి బిగపట్టి. ఈ తలుపు అలా వేసే అవసరం ఇన్నేళ్ళలో రాలేదు.

యమున అలాగే వేసింది. తుప్పుపట్టిన గడియ కూడా చప్పుడు చెయ్యలేదు.